మామయ్య లెన్స్ విప్పిన వారం

మిట్టమధ్యాహ్నం ఎండలో మమ్మల్ని వరసగా నిలబెట్టి "ఆఁ, చీకటి పడింది, ఇంకెవరూ కదలకండి" అనేవాడు మామయ్య. పిల్లలం కిసుక్కున నవ్వేవాళ్ళం. ఆకాశంలో సూర్యుడు మాడ్చేస్తుంటే ఈయనకు చీకటేమిటి? ఆ నవ్వులోనే టప్ మని కెమెరా మోగేది. అందుకే మా చిన్నప్పటి ఫోటోలన్నిటిలోనూ ఎవరో ఒకరు నోరు తెరిచే ఉంటారు.

ఆ చీకటి సంగతి నాకు ముప్పై ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. మామయ్యది జెనిట్-ఇ కెమెరా, దానికి హీలియోస్ 44-2 లెన్స్. రెండూ సోవియట్ సరుకే. ఆ లెన్స్‌లో అపర్చర్, అంటే వెలుగు లోపలికి దూరే కన్నం, దానంతటది మూసుకోదు. పూర్తిగా తెరిచి పెట్టుకుని, వెలుతురులో ఫోకస్ చూసుకుని, ఆ తర్వాత చేత్తో ఇంకో రింగు తిప్పితే లోపలి బ్లేడ్లు ముడుచుకుంటాయి. ఆ క్షణంలో వ్యూఫైండర్‌లో బొమ్మ మసకబారిపోతుంది. అదే ఆయన చీకటి. మాకు ఎండ, ఆయనకు చీకటి.

కెమెరాకు తోలు కేసు ఉండేది. దాన్ని పాత కండువాలో చుట్టి బీరువా పై అరలో పెట్టేవాడు. చూడొచ్చు, మెళ్ళో వేసుకోవచ్చు, బటన్ కూడా అప్పుడప్పుడు నొక్కనిచ్చేవాడు. ఒక్కటే నిబంధన. "ఒట్టి చేత్తో అద్దం ముట్టుకోకు." నేను ముట్టుకోలేదు. అంతకన్నా పెద్ద పని చేశాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మేడ మీద గది వేస్తున్నారు, వాకిట్లో ఇసుక కుప్ప పోసి ఉంది. మామయ్య కెమెరాను అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. నేను దాన్ని తీసుకుని ఇసుక కుప్పెక్కి, మూత తీసి, లేని జనానికి "చీకటి పడింది" అని చెబుతూ రింగు తిప్పబోయాను. చిన్న చేతులకు ఆ బరువు ఆగలేదు. లెన్స్ బోర్లా ఇసుకలో దిగబడింది. చప్పుడు కూడా కాలేదు, అదే అదృష్టమనుకున్నాను. గబగబా గౌను అంచుతో లెన్స్ అంతా తుడిచాను. అద్దం కూడా అదే అంచుతో, గట్టిగా, గుండ్రంగా. మూత పెట్టి, కేసులో దూర్చి, అరుగు మీద ఎక్కడిదక్కడ పెట్టేశాను.

సాయంత్రం మామయ్య ఫోకస్ రింగు తిప్పుతుంటే కరకరమని వినిపించింది. అన్నంలో రాయి పంటికింద పడ్డప్పటి చప్పుడే. ఆయన ఒకసారి ఆగి, చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తిప్పాడు. ఏమీ అనలేదు. నేను ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంటే అమ్మ నుదురు పట్టి చూసింది.

మళ్ళీ సెలవులకు మామయ్య వచ్చినప్పుడు మొదట విన్నది ఆ రింగునే. కరకర లేదు. దేవుడు నా మొర విన్నాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. కాకపోతే రింగు మాత్రం బిగుసుకుపోయింది. ఇదివరకు వేలితో తిరిగేది, ఇప్పుడు మణికట్టు మొత్తం తిప్పాల్సి వచ్చేది. ఎవరైనా అడిగితే "రష్యా సరుకు, బిగువుగానే ఉంటుంది" అనేవాడు మామయ్య. ఆ మాట నేను పెద్దయ్యాక కూడా నమ్మాను, నలుగురికీ చెప్పాను.

కిందటేడు ఆయన ఆ కెమెరాను నా చేతిలో పెట్టాడు. షట్టర్ కదలడం లేదు. వెలుగు కొలిచే మీటర్ ముల్లు కూడా చచ్చిపోయింది. బ్యాటరీ లేకుండా సెలీనియం పలక మీద పడే వెలుగుతోనే కదిలే ముల్లు అది, ఒకప్పుడు మాకు అదో వింత. "బాడీ పోయింది గానీ లెన్స్ చూడు, నీ డిజిటల్ దానికి పట్టించుకోవచ్చేమో" అన్నాడు. పట్టింది. దాని వెనక ఉండేది ఎమ్42 మర. 42 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక్కో చుట్టుకు ఒక మిల్లీమీటరు. జెనిట్‌లో ఈ లెన్స్ ఫిల్మ్‌కు 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చుంటుంది. లోపల బొమ్మను పైకి తిప్పే అద్దం లేని ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ దూరం ఇరవైకి అటూ ఇటూ మాత్రమే కాబట్టి మధ్యలో ఒక గొట్టం లాంటి అడాప్టర్ బిగిస్తే సరిపోతుంది.

బిగించి చూస్తే బొమ్మంతా పాలు కలిపినట్టుంది. లెన్స్ తీసి వెనక నుంచి టార్చి వేశాను. లోపల అద్దం మీద సాలెగూడులా సన్నటి దారాలు, అంచు నుంచి మధ్యకు పాకుతూ. ఫంగస్. ఆయన ఎంత ప్రేమగా కండువా చుట్టి, తోలు కేసులో పెట్టి, బీరువాలో దాచాడో అంతా ఆ బూజుకే మేలు చేసింది. దానికి కావలసింది చీకటి, తేమ, కదలని గాలి. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది కూడా. కెమెరాను బయట పడేసి రోజూ వాడి ఉంటే ఇంత పట్టేది కాదు. ఈ ముక్క మామయ్యతో ఇప్పటికీ అనలేదు.

లెన్స్ విప్పే ముందు దాని గురించి వారం రోజులు చదివాను. హీలియోస్ అంటే గ్రీకుల సూర్యుడు. పేరు అదైనా దీని ఒరిజినల్ జర్మన్లది. జైస్ కంపెనీ వాళ్ళ బయోటార్ లెన్స్, 58 మిల్లీమీటర్లది చూసి సోవియట్ వాళ్ళు చేసుకున్నారు. బయోటార్ డిజైన్ విల్లీ మెర్టే అనే ఆయనది, 1927 నాటిది. నాలుగు గుంపులుగా ఆరు అద్దాలు. ముందొకటి, వెనకొకటి ఒంటరివి. నడుమ రెండేసి చొప్పున అతికించిన రెండు జతలు, ఆ జతల మధ్య అపర్చర్. అన్నిటికన్నా ముందొచ్చిన హీలియోస్ 44లో 13 బ్లేడ్లు ఉండేవి. 44-2 నాటికి అవి 8 అయ్యాయి. నాకు తర్వాత కలిగిన తిప్పలు తలుచుకుంటే ఆ తగ్గించిన మహానుభావుడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ లెన్స్‌కు ఇప్పుడు పేరంతా సుడి వల్లే. పూర్తిగా తెరిచి తీస్తే వెనక ఉన్న ఆకులు, వెలుగు చుక్కలు మనిషి చుట్టూ గిర్రున తిరుగుతున్నట్టు వస్తాయి. బొమ్మ అంచుల వైపు వెళ్ళే వెలుగును లెన్స్ గొట్టమే కొంత కోసేస్తుంది. దాంతో చుక్కలు గుండ్రంగా కాక పిల్లి కన్నులా సన్నబడి, నడిమి చుట్టూ వరస కడతాయి. ఇది చదివాక ఆల్బం తీశాను. అమ్మమ్మ నీడలో కూర్చున్న ఫోటో ఒకటుంది. ఆమె తల వెనక చెట్టు ఆకులన్నీ సుడి తిరుగుతున్నాయి. గాలి బాగా వేసిందేమోనని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

ఇక విప్పడం. బల్ల మీద తెల్ల గుడ్డ, దాని మీద అంచులున్న ట్రే. నోరు వెడల్పుగా ఉన్న చిన్న స్క్రూడ్రైవర్లు మూడు. అద్దాన్ని పట్టే రింగులకు రెండు గాట్లుంటాయి, వాటిలో దూర్చి తిప్పడానికి రెండు కాళ్ళ స్పానర్. ముందుండే పేరు రింగుకు రబ్బరు బిరడా నొక్కి తిప్పితే చాలు. తీసిన ప్రతి స్క్రూనూ అదే వరసలో టేపుకు అతికించి, పక్కన నంబరు రాసుకుంటూ పోయాను. అడుగడుక్కీ ఫోన్‌తో ఫోటో. ఇంత జాగ్రత్త నా జీవితంలో ఇంకే పనిలోనూ చూపలేదు.

మూడో స్క్రూ దగ్గరే ఏదో తేడా కొట్టింది. మిగతావన్నీ నల్లగా ఉంటే అది తెల్లగా మెరుస్తోంది. దాని గాటు కూడా పెద్ద స్క్రూడ్రైవర్‌తో కుమ్మినట్టు చెదిరిపోయింది. ఫ్యాక్టరీలో ఎవరికో చెయ్యి జారి ఉంటుందిలే అనుకుని టేపుకు అంటించాను.

అద్దాలు తేలిగ్గానే వచ్చాయి. కిటికీ తెరిచి పెట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదేశాను. దుమ్ము ఉండగా తుడిస్తే దుమ్మే ఉప్పుకాగితం అవుతుంది. ఆ సంగతి తొమ్మిదేళ్ళప్పుడు తెలియదు కదా. తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది తడిపి ఫంగస్ మీద కాసేపు ఉంచాను. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లెన్స్ కాగితం. మధ్య నుంచి అంచుకు చుట్టుకుంటూ, ఒక్క చుట్టుకు ఒక్క కాగితం. నల్ల రంగు పూసిన అంచులకు ఆల్కహాల్ తగలకుండా చూసుకోవాలి, రంగు ఊడొస్తుంది. ఎసిటోన్ జోలికైతే పోనే పోకూడదు. చివరికి అద్దం మీద నోటి ఆవిరి ఊదితే ఎక్కడ మరక మిగిలిందో ఆ ఆవిరే చూపిస్తుంది.

దారాలన్నీ పోయాయి. రెండు చోట్ల మాత్రం వాటి జాడ అద్దం మీదే ఉండిపోయింది. ఫంగస్ వదిలే ఆమ్లం పూతను తినేస్తుంది. తిన్నది తుడిస్తే తిరిగి రాదు. అతికించిన జతల లోపలికి పాకలేదు, బతికిపోయాను. అక్కడికి చేరితే ఇంట్లో కూర్చుని చేయగలిగేది ఏమీ లేదు.

ముందు అద్దాన్ని కిటికీ వెలుగులో వాల్చి చూస్తే అంచు దగ్గర సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని వెంట ఒకటి. గౌను అంచు ఎలా తిరిగిందో అలాగే. వాటిని వేలితో తడమబోయి ఆగాను. అద్దం తడి ఆరనిచ్చి డబ్బాలో పెట్టేశాను.

బ్లేడ్ల జోలికి వెళ్ళకూడదని ముందే అనుకున్నాను. వాటి మీద పలుచగా నూనె పేరుకుని ఉంది. దానంతటది మూసుకునే అపర్చర్ అయితే ఆ నూనెకు బ్లేడ్లు అతుక్కుని సమయానికి కదలవు, ఫోటో తెల్లబోతుంది. మామయ్య లెన్స్‌కు ఆ బాధ లేదు, తిప్పేది చెయ్యే కాబట్టి. అలాగని వదిలేస్తే ఆ నూనే ఎండకు ఆవిరై అద్దం మీద పొరలా పేరుకుంటుంది. లైటర్ ఫ్లూయిడ్ రెండు చుక్కలు వేసి, తెరిచి మూసి, కాగితంతో అద్దుదామనుకున్నాను. అంతే అనుకున్నాను. ఏ రింగు ఎక్కడ వదులైందో ఏమో, గొట్టం తిరగేయగానే ఎనిమిది బ్లేడ్లూ ట్రేలో రాలాయి, పూలరెక్కల్లా.

చెప్పడానికి తేలికే. ఒక్కో బ్లేడుకు రెండు కొనల్లో రెండు చిన్న పిన్నులు, ఒకటి ఈ వైపు, ఇంకొకటి ఆ వైపు. కింది పిన్ను పీట మీది రంధ్రంలో నిలవాలి, పైది తిరిగే రింగులోని గాడిలో కూర్చోవాలి. ఒకదాని మీద ఒకటి వాలుతూ ఆరు దాకా బుద్ధిగా వస్తాయి. ఏడోదానికి చోటు ఇరుకవుతుంది. ఎనిమిదోది మొదటిదాని కిందికి దూరాలి. దాన్ని దూర్చడానికి మొదటిది ఎత్తితే మూడోది లేస్తుంది, మూడోది నొక్కితే అయిదోది జారుతుంది. ఊపిరి వదిలినా కదిలిపోతాయి. శనివారం సాయంత్రం నాలుగుసార్లు ఎనిమిదో బ్లేడు దాకా వచ్చి నాలుగుసార్లూ కూలిపోయింది. మా ఆయన గదిలోకి తొంగి చూసి, నా మొహం చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున, ఇంకా కాఫీ కూడా తాగకుండా, మొదటి ప్రయత్నంలోనే కుదిరింది. రింగు మూతపెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తే నడుమ చిన్న వెలుగు కన్నం తెరుచుకుంటూ, మూసుకుంటూ. పది నిమిషాలు ఆ పనే చేశాను.

ఇక మిగిలింది హెలికాయిడ్. ఫోకస్ తిప్పితే లెన్స్ ముందుకూ వెనక్కీ నడిచేది ఈ మర మీదే. మామూలు బోల్టుకు మర ఒక్కచోట మొదలవుతుంది. దీనికి అలా కాదు, వెడల్పు మూతి సీసా మూతలాగా చుట్టూ చాలా చోట్ల మొదళ్ళుంటాయి. ఎక్కడ పట్టించినా ఎక్కుతుంది. కానీ ఒక్కచోట పట్టిస్తేనే దూరాలు కుదురుతాయి. అందుకే విప్పేటప్పుడు మర వదిలే క్షణాన్ని కనిపెట్టి, రెండు గొట్టాల మీదా ఎదురెదురుగా గీత గీసుకోవాలి. ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా మొదట చెప్పే మాట ఇదే. నాకూ తెలుసు. గీయడానికి సూది చేతిలో పట్టుకునే ఉన్నాను.

లోపల గ్రీజు చూసి ఆశ్చర్యపోయాను. లెన్స్‌కు వేసే గ్రీజు పలుచగా ఉంటుంది. ఇది నల్లగా, జిగురుగా, బండి ఇరుసుకు పూసేదానిలా గట్టిపడి ఉంది. "రష్యా సరుకు బిగువు" ఇదన్నమాట. ఈ రంగు ఎక్కడ చూశానా అని ఆలోచిస్తూ తిప్పుతున్నాను. ఆలోచన తెగేసరికి చేతిలో రెండు ముక్కలున్నాయి. మర ఎప్పుడు వదిలిందో చూడలేదు.

పాత బ్రష్షు, పుల్ల, లైటర్ ఫ్లూయిడ్ పెట్టి తోముతుంటే గొట్టం అంచున ఒక గీత బయటపడింది. చేత్తో గీసింది, వంకరగా ఉంది. ఇంకొంచెం అవతల మరోటి. ఫ్యాక్టరీవాళ్ళు ఇలా గీయరు. ఈ లెన్స్‌ను నాకన్నా ముందు ఎవరో విప్పారు. తెల్ల స్క్రూ గుర్తొచ్చింది. ఇరుసు గ్రీజు ఎక్కడ చూశానో కూడా గుర్తొచ్చింది. మామయ్య సైకిల్ చైను మీద.

గాడి మూలలో పుల్ల పెట్టి గీకితే గుడ్డ మీద రెండు రేణువులు రాలాయి. గ్రీజు తుడిస్తే పసుపు రంగులో మెరిశాయి.

మొదటి గీతకు పట్టించి, లెన్స్ కెమెరాకు బిగించి, దూరంగా సెల్ టవర్ మీది ఎర్ర లైటును చూశాను. రింగు చివరికి వెళ్ళి ఆగిపోయింది గానీ లైటు మాత్రం పెద్ద ఎర్ర బిళ్ళలాగే ఉంది. విప్పి రెండో గీతకు పట్టించాను. లైటు చుక్కలా కుదిరింది, కానీ అంత దూరపు లైటుకు రింగు మీది దూరాల స్కేలు అప్పటికి చూపిస్తున్నది 3 మీటర్లే. ఈ లెన్స్ అర మీటరు దూరంలో ఉన్నవాటిని కూడా పట్టుకోవాలి, ఇప్పుడు అది దరిదాపుల్లో లేదు. అంచనా మీద ఇంకో రెండు చోట్ల ప్రయత్నించాను. రాత్రి తొమ్మిదైంది. ఇక తప్పదని ఫోన్ చేశాను.

"మామయ్యా, నీ లెన్స్ విప్పాను."

"ఊఁ."

"మర ఎక్కడ వదిలిందో చూసుకోలేదు. లోపల గీతలున్నాయి, కానీ దేనికీ కుదరడం లేదు."

"ఎన్ని గీతలు?"

"రెండు."

"మూడుండాలే. సరిగ్గా చూడు అమ్మడూ, మూడోదాని పక్కన చుక్క పెట్టాను."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి గొట్టాన్ని దీపం కిందికి తెచ్చాను. గ్రీజు ఇంకా గడ్డకట్టి ఉన్న మూలను తోమితే గీత కనిపించింది, పక్కనే సూదితో పొడిచిన చుక్క. ఆయన కూడా గుర్తు పెట్టుకోకుండా విప్పేసి, రెండుసార్లు తప్పి, మూడోసారి కుదిరాక చుక్క పెట్టుకున్నాడన్నమాట. అప్పట్లో ఎవరినడిగాడు? ఎలా చేశాడు? జెనిట్ వెనక మూత తీసి, గాజు పలక మీద వెలుగు కనిపించే పలుచటి ట్రేసింగ్ కాగితం అంటించి, దాని మీద పడ్డ బొమ్మలో దూరపు దీపాన్ని చూసుకున్నాడట. మూడు రాత్రులు పట్టిందట. లెన్స్ గ్రీజు అంటూ ఒకటుంటుందని తనకు తెలియదని, చేతికందింది పూశానని చెబుతూ ఆయనే నవ్వాడు.

కొత్త గ్రీజు పలుచగా పూసి, చుక్క ఉన్న గీతకు పట్టించాను. ఎర్ర లైటు సూదిమొనంత అయింది, రింగు సరిగ్గా అనంతం గుర్తు దగ్గర ఆగింది. వేలితో తిరుగుతోంది.

"కుదిరిందా?"

"కుదిరింది."

కాసేపు అటునుంచి టీవీ చప్పుడు వినిపించింది. తర్వాత అడిగాడు, "ఇసుక ఇంకా ఏమైనా రాలిందా?"

నేను ఇసుక మాట ఎత్తనే లేదు. అప్పుడూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

"రెండు రేణువులు" అన్నాను.

"అయితే బాగానే తుడిచానన్నమాట" అన్నాడు. "ఎల్లుండి వస్తావుగా, పట్టుకురా చూద్దాం. ఒట్టి చేత్తో అద్దం ముట్టుకోకు."